కుళాయికి తాళం వేస్తే దాహం ఆగుతుందా?

మల్కాజిగిరి తమ్ముడు: మా అన్నయ్య స్కిజోఫ్రీనియాకు పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాడు. ఈ వేసవిలో రోజుకు పది లీటర్లకు పైగా నీళ్లు తాగుతున్నాడు. పోయిన నెల ఫిట్స్ వచ్చి పడిపోతే రక్తంలో సోడియం 114కు పడిపోయిందని తేలింది. ఇంట్లో ఎలా కాపాడుకోవాలో, నగరంలో ఎవరికి చూపించాలో తెలిసినవారు చెప్పగలరు.

బోడుప్పల్ అమ్మ: మేము కుళాయికి తాళం వేసి చూశాం బాబూ. మావాడు ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి, స్నానాల మగ్గుతో ముంచుకుని తాగాడు. ఆ మూత మీద తడి వేళ్ల ముద్రలు చూసిన రోజే తాళం తీసేశాను.

ఉప్పల్ పెద్దాయన: మజ్జిగలో ఉప్పు దండిగా వేసి ఇవ్వండి, సోడియం దానంతటదే పెరుగుతుంది.

వార్డు నర్సు: ఇరవై రెండేళ్లు మానసిక రోగుల వార్డులో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, ఉప్పు ఎక్కువైతే దాహమే పెరుగుతుంది. ఆరోగ్యమైన మూత్రపిండాలు కూడా గంటకు 800 నుంచి 1000 మిల్లీలీటర్లకు మించి బయటకు పంపలేవు కనుక, మిగిలిన నీరు రక్తాన్ని పలచబరిచి మెదడు వాపు తెస్తుంది. మేము పరగడుపున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి అదే మిషన్ మీద బరువు చూసేవాళ్లం, ఒంట్లో ఎంత నీరు నిలిచిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఉప్పల్ పెద్దాయన: వార్డు లెక్కలు ఇళ్లలో సాగవమ్మా. మా నాన్నగారికి ఉప్పు మజ్జిగే పనిచేసింది.

వార్డు నర్సు: మీ నాన్నగారికి బీపీ మాత్ర వల్ల సోడియం తగ్గిందని ఉగాదికి మీరే రాశారు. ఆ జబ్బు వేరు, ఇది వేరు!

తార్నాక అక్క: ఇద్దరూ ఆగండి. ఈ తమ్ముడి అన్నయ్య లిథియం (మానసిక జబ్బులకు ఇచ్చే ఒక మందు) వాడుతున్నారా అని ఒక్కరైనా అడిగారా? లిథియం వల్ల మూత్రం ఎక్కువగా పోయి దాహం వేస్తుంది. అది తెలియక మేము చెల్లికి నీళ్లు కట్టడి చేస్తే, రక్తంలో లిథియం పెరిగి, చేతులు వణికి, మాట తడబడి ఆసుపత్రి పాలైంది.

మల్కాజిగిరి తమ్ముడు: లిథియం లేదక్కా, ట్రైహెక్సీఫెనిడిల్ ఉంది, మానసిక జబ్బు మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే మాత్ర. ఈ రోజు ఉదయం బరువు 58.4, ఇప్పుడు 60.9.

వార్డు నర్సు: ఆ మాత్ర నోరు ఎండగొడుతుంది, మోతాదు గురించి డాక్టరును అడగండి, మీరుగా ఆపవద్దు. పగటిపూట నాలుగు శాతం పెరిగారంటే సోడియం పరీక్ష ఇప్పుడే చేయించాలి. వాంతులు, తూలుడు, మగత ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఉప్పు మాత్రం పట్టించకండి, సోడియం తొందరగా పెరిగినా మెదడుకు ప్రమాదమే.

బోడుప్పల్ అమ్మ: మావాడికి చక్కెర లేని చూయింగ్ గమ్, చిన్న గ్లాసుతో గుక్కెడు గుక్కెడు నీళ్లు కొంత నయం. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజాపిన్ మందు మొదలుపెట్టాక మగ్గు జోలికి వెళ్లడం తగ్గింది.

మల్కాజిగిరి తమ్ముడు: రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆటో ఎక్కించాం. దారిలోనూ సీసా అడుగుతున్నాడు.

ఉప్పల్ పెద్దాయన: సీసా ఇవ్వకు నాయనా. ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో చెప్పు, నేనూ వస్తాను.