తెరపై కనిపిస్తున్న ఎడమవైపు కంచంలో ఎందుకు కనిపించడం లేదు?

ఐదు నెలల కిందట మెదడు కుడిభాగానికి గాయమైన మా నాన్నగారికి, కంటిచూపు బాగానే ఉన్నా, ఎడమవైపు ఉన్నవాటిపై ధ్యాస నిలవడం లేదు. థెరపిస్టు సూచనపై రోజూ ఉదయం 20 నిమిషాలు ల్యాప్‌టాప్‌లో మెరిసే చుక్కలను వెతికి నొక్కే అభ్యాసం చేయిస్తున్నాము. తెర ఎడమ అంచున ఎర్రపట్టీ అతికించి, చుక్క నిలిచే వ్యవధిని 3 సెకన్లకు పెంచాక దాదాపు అన్నింటినీ పట్టుకుంటున్నారు. అయితే భోజనంలో కంచానికి ఎడమపక్కనున్న పప్పును ముట్టరు, దినపత్రికలో వరుసలను సగం నుంచే చదివి అర్థం కాలేదని విసుక్కుంటారు. పత్రిక అంచునా అదే పట్టీ పెట్టి చూశాము. గుర్తుచేస్తే చూస్తారు, మరుక్షణం మరిచిపోతారు. స్కోరు పెరగడాన్నే మెరుగుదల అనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ కంప్యూటర్ అభ్యాసాన్ని భోజనం, చదవడం వంటి నిత్యకృత్యాలతో ఎలా జోడిస్తే ఫలితం కనిపించిందో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరా?