స్థాలీపులాకంలో పులాకం మెతుకా, తాలా?

(విశాఖ మిత్రుల మాటలివి. ఎవరి మాటకి ముందు వాళ్ల పేట పేరు.)

ఎం.వి.పి. కాలనీ: నాన్న కంఠతా పట్టించిన అమరంలో, అంటే అమరకోశమనే సంస్కృత నిఘంటువులో, ఒక పాదం రెండు రోజులుగా నోట్లో నలుగుతోంది. ‘స్యాత్పులాకస్తుచ్ఛధాన్యే సంక్షేపే భక్త...’ ఆ తరవాత ‘సిద్ధకే’ అని వస్తోంది, తప్పని తెలుస్తోంది. పాత పత్రికల స్కాన్ ఫైళ్లు 40 ఫోల్డర్లలో ఉన్నాయి. అన్నీ చూడలేక, ఎక్కడ పడితే అక్కడ నుంచి 200 తీసే స్క్రిప్టు రాశాను. ఒక్క మెతుకు పట్టి చూసి కుండెడన్నం ఉడికిందో లేదో చెప్పే స్థాలీపులాక న్యాయం గుర్తొచ్చి దానికి ‘పులాకం’ అని పేరు పెట్టాను. సరైన పేరేనా?

సీతమ్మధార: ‘భక్తసిక్థకే’ అండీ. ద్ధ కాదు, క్థ. భక్తం అంటే అన్నం, సిక్థకం మెతుకు.

గోపాలపట్నం: సిక్థకం మైనం కూడా. ‘మధూచ్ఛిష్టం తు సిక్థకమ్’ అని అమరంలోనే ఉంది. అది సరే, మీ పాదంలో మొదటి అర్థం తుచ్ఛధాన్యం, అంటే తాలు, లోపల గింజ లేని ధాన్యం. నమూనాకి తాలు పేరు పెడతారా?

ఎం.వి.పి. కాలనీ: నిన్న మొదట తగిలిందే సున్నా బైట్ల ఫైలు మాస్టారూ. తాలూ తగలాలి. ఏరి పారేస్తే రాశిలో తాలెంతో ఎలా తెలుస్తుంది?

గాజువాక: ముందు ఫోల్డరుకి చీటీ వేసి, అందులోంచి ఫైలు తీస్తున్నారా? ఒకదాంట్లో 9,000, ఇంకోదాంట్లో 10 ఉంటే, చిన్నదాంట్లోని ఫైలు తగిలే అవకాశం 900 రెట్లు. ఫైళ్లు వెతికే ‘ఫైండ్’ కమాండుతో పేర్లన్నీ ఒకే జాబితాలో పోసి, అప్పుడు వరసలు కలిపేసే ‘షఫ్’ కమాండుతో తీయండి. మా అమ్మ గరిటె అడుగుదాకా తిప్పాకే ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూసేది.

సీతమ్మధార: న్యాయమంతా స్థాలిలోనే ఉంది. కుండ ఒకటి, మంట ఒకటి కాబట్టి ఒక్క మెతుకు చాలు. ఈయనవి నలభై కుండలు!

భీమిలి: ఎక్కడ పడితే అక్కడ తీయడమంటే నాకు శ్రీశ్రీయే. 1910లో మన విశాఖలో పుట్టిన కవి. కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ చేతికందినవి అందినట్టు తీసినట్టుంటాయి. పిల్ల, పుల్ల, బిళ్ళ అని పైకి చదవండి, ఎంత ఏరి పెట్టారో తెలుస్తుంది.

గోపాలపట్నం: బిళ్ళలో ళ్ళ ఉంది. ఏరినవాడైతే అక్కడా ల్ల ఉన్న మాటే తెచ్చేవాడు.

భీమిలి: లళయోరభేదః, ల-ళలకి భేదం లేదంటారు. చెవికి అది చాలు.

ఎం.వి.పి. కాలనీ: జాబితా పద్ధతికి మార్చాను. 200లో 171 ఒకే పెద్ద ఫోల్డరువి. పదకొండు ఫోల్డర్ల నుంచి ఒక్కటీ రాలేదు. దీన్ని పులాకం అనొచ్చా?

గాజువాక: ప్రతి ఫోల్డరు నుంచీ ఐదేసి తీయండి. తప్పులు లెక్కేసేటప్పుడు ఫోల్డరులో ఎన్ని ఫైళ్లున్నాయో దాన్నిబట్టి తూకం వేయండి.

సీతమ్మధార: మధ్యలో ‘సంక్షేపే’ని ఎవరూ ముట్టుకోలేదు. మీ 200 ఫైళ్లకి ఆ అర్థమే అతుకుతుంది.

గోపాలపట్నం: అభేదం ఒప్పుకున్నా, ‘అగ్గిపెట్టె’ కాక ‘అగ్గిపుల్ల’ ఎందుకు? ప్రాస కోసమే అంటే నేనొప్పుకోను.