ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో ఏఐ మీద పనిచేసినవాళ్లున్నారా? అనుభవాలు చెప్పండి

గగన్_ఎంటెక్:
అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకుందామని ఉంది. రెండు విమానాలు దగ్గరికి రాకుండా చూసే ఏజెంట్‌ని (తనంతట తానే నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామ్‌ని) రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో, అంటే తప్పొప్పులకు మార్కులిస్తూ నేర్పే పద్ధతితో, తయారుచెయ్యమని మా గైడ్ అన్నారు. పేపర్లు చదువుతుంటే ఈ సమస్య ఎప్పుడో తీరిపోయినట్టే ఉంది. మరి కంట్రోల్ సెంటర్లలో ఇప్పటికీ మనుషులే కదా విమానాలు నడిపిస్తున్నది! ఎక్కడ ఆగిపోతోంది? డేటా ఎక్కడ దొరుకుతుంది? ఏ సిమ్యులేటర్ మంచిది?

డచ్‌గాలి:
నేను నెదర్లాండ్స్‌లో ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సిమ్యులేటర్ కోసం వెతకనక్కర్లేదు. టీయూ డెల్ఫ్ట్ వాళ్లు తయారుచేసిన బ్లూస్కై ఉచితం, పైథాన్‌లో ఉంటుంది, కోడ్ మొత్తం చూడొచ్చు.

అసలు తలనొప్పి రివార్డ్ దగ్గర, అంటే ఏజెంట్‌కి ఇచ్చే ఆ మార్కుల దగ్గర, మొదలవుతుంది. రూటు మీద వెళ్లే విమానాల మధ్య రాడార్‌లో 5 నాటికల్ మైళ్లు, లేదంటే ఎత్తులో 1000 అడుగులు ఎడం ఉండాలి. అది తగ్గితే మైనస్ అని మాత్రమే పెట్టి చూడండి, ఏజెంట్ విమానాన్ని రూటు తప్పించి ఎటో తీసుకుపోతుంది. ఎవరికీ దగ్గర కాలేదు కాబట్టి దాని లెక్కలో అది పాసే! రూటు తప్పినందుకూ మైనస్ పెడితే చివరిదాకా ఊరుకుని అప్పుడు గట్టిగా తిప్పుతుంది. ఇంకోరకంగా పెడితే నిమిషానికోసారి హెడింగ్ (విమానం వెళ్లే దిశ) మారుస్తుంది. అన్నిసార్లు చెబితే ఏ పైలట్ ఒప్పుకుంటాడు?

డేటాకి ఓపెన్‌స్కై నెట్‌వర్క్ చూడండి. విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏడీఎస్-బీ సిగ్నళ్లను వలంటీర్లు పట్టి ఇస్తారు, విద్యార్థులకు పరిశోధనకు అనుమతిస్తారు. కాకపోతే విమానం ఎటు తిరిగిందో అందులో ఉంటుంది గానీ ఎందుకు తిరిగిందో ఉండదు. కంట్రోలర్ తిప్పాడా, మేఘం తప్పించుకోడానికి పైలట్ అడిగాడా అన్నది తెలీదు.

రాడార్‌బాబాయ్:
నేను కంట్రోలర్‌ని బాబూ, పరిశోధకుణ్ణి కాదు. ఒకసారి ఒక పరిశోధన బృందం తమ టూల్‌ని సిమ్యులేటర్‌లో పరీక్షించడానికి మా బోటివాళ్లని పిలిచింది. రెండు విమానాలు ఒకే ఎత్తులో ఒక పాయింట్ మీదకి వస్తున్నాయి. ముందున్నదాన్ని 10 డిగ్రీలు కుడికి తిప్పమని స్క్రీన్ మీద వచ్చింది. లెక్క తప్పు కాదు. నేనైతే వెనకదాన్ని తిప్పుతాను. ఎందుకంటే ముందున్నది కాసేపట్లో దిగడం మొదలుపెట్టాలి, ఇప్పుడు కదిపితే అవతలి సెక్టార్‌లో (పక్క కంట్రోలర్ చూసే ఆకాశ భాగంలో) దిగే విమానాల వరస చెడుతుంది. మిషన్ అలా ఎందుకు చెప్పిందో ఆలోచించేలోపు నా పని నేనే చేసేసుకోవచ్చు. ట్రాఫిక్ ఎక్కువున్నప్పుడు ఆ టెన్షన్ కూడా నెత్తిన పెట్టుకోలేం.

ఇంకో సంగతి. 2002 జులై 1న జర్మనీలో ఉబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదం గురించి మీ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు చదవండి. రష్యా విమానాన్ని టీకాస్ (విమానాలు ఢీకొనకుండా విమానంలోనే ఉండి హెచ్చరించే పరికరం) పైకి వెళ్లమంది, కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు కంట్రోలర్ మాట విన్నారు. అవతలి డీహెచ్‌ఎల్ విమానం తన టీకాస్ మాట విని దిగుతోంది. 71 మంది పోయారు. మిషన్ ఒకటి, మనిషి ఒకటి చెప్తే ఎవరి మాట చెల్లుతుందో ముందే తేలాలి. మన దగ్గర 1996లో చర్ఖీ దాద్రీలో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయాకే టీకాస్ తప్పనిసరి చేశారు.

డచ్‌గాలి:
బాబాయ్ గారూ, వెనకదాన్ని తిప్పుతానన్నారే, సరిగ్గా ఆ విషయం మీదే యూరప్‌లో మహాలో అనే ప్రాజెక్టు నడిచింది. డెల్ఫ్ట్, స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీలు అందులో ఉన్నాయి. సలహా ఆ కంట్రోలర్ సొంత పద్ధతిలో ఉంటే ఒప్పుకుంటారా, లేక కారణం చూపిస్తే ఒప్పుకుంటారా అని పరీక్షించారు. బ్రిటన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చూసే న్యాట్స్ సంస్థ, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ప్రాజెక్ట్ బ్లూబర్డ్ చేపట్టాయి. అక్కడ కొత్త కంట్రోలర్లకు పెట్టే శిక్షణ పరీక్షల పద్ధతినే ఏజెంట్లకూ పెట్టారు. నాకు ఇది చాలా నచ్చింది. మన పేపర్లలో వేసుకునే స్కోర్ల కంటే ఆ పరీక్ష నిజాయితీగా ఉంటుంది.

స్వరలిపి:
'ఎందుకు తిరిగింది' అన్నదానికి జవాబు రేడియోలో ఉంటుందండీ. నేను స్పీచ్ రికగ్నిషన్ వైపు. ఏటీసీఓ2 అని యూరప్ ప్రాజెక్టు ఒకటుంది, ప్రాగ్, జ్యూరిక్ లాంటి చోట్ల మాటలు 5000 గంటలకు పైగా సేకరించి, ఆటోమేటిక్‌గా రాయించారు. అలాంటి డేటాతో నేర్పిన మోడల్‌కి మన కంట్రోలర్ల మాటలు వినిపిస్తే ఎత్తులు, హెడింగులు బాగానే పట్టింది, కాల్‌సైన్ల (రేడియోలో విమానాన్ని పిలిచే పేర్ల) దగ్గర తడబడింది. ఇండిగోని రేడియోలో 'ఐఫ్లై' అంటారు కదా, దాన్ని మామూలు ఇంగ్లిష్ మాటలుగా రాసేసింది. ఆ నిమిషంలో ఆకాశంలో ఉన్న విమానాల జాబితా ఏడీఎస్-బీ నుంచి తీసి మోడల్‌కి అందిస్తే చాలావరకు సర్దుకుంది. మన యాసతో రికార్డింగులు చాలా తక్కువ, ఎవరైనా ఆ పని చేస్తే బాగుండు. అనుమతులు మాత్రం ముందే అడగండి.

గగన్_ఎంటెక్:
అందరికీ చాలా థాంక్స్. గైడ్‌తో మాట్లాడాను. కొత్త ఏజెంట్ కాకుండా, బ్లూస్కైలో మేఘాలు అడ్డొచ్చే సీన్లు పెట్టి, ఏజెంట్ ఇచ్చిన జవాబునీ కంట్రోలర్ ఇచ్చిన జవాబునీ పక్కపక్కన పెట్టి పోలుద్దామంటే ఒప్పుకున్నారు. బేగంపేటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల పరిశోధన కేంద్రం, 2024లో ప్రారంభమైన కారో, ఉంది కదా, అక్కడికీ ఒక మెయిల్ పెడతాను. బాబాయ్ గారూ, సీన్లు నిజంగా ఉన్నట్టు రావాలంటే ఏం చూసుకోవాలి?

రాడార్‌బాబాయ్:
అసలు రికార్డింగులు ఇవ్వడం కుదరదు. సీన్లు ఊహించి రాసిస్తాను. వర్షాకాలం మధ్యాహ్నం క్యుములోనింబస్ (ఉరుముల మేఘం) లేచిందనుకో, ముందు ఒకరు ఎడమకి 20 మైళ్లు అడుగుతారు, వెనకాలే వచ్చేవాళ్లూ అదే అడుగుతారు, ఎదురొచ్చేవాడు అదే సందులోంచి రావాలంటాడు. నీ ఏజెంట్‌కి ముందు ఆ మూడో విమానం పెట్టి చూడు.