చెరువు గట్టు బోర్డుల్లో నెట్‌వర్క్ ఎర్రర్లు: మనం అడగాలా, అవే చెప్పాలా?

గట్టుమీది లైనక్స్: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పన్నెండు చిన్న లైనక్స్ బోర్డులు (బుల్లి కంప్యూటర్లు) పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ రీడింగ్ పంపుతాయి. రాత్రి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేయగానే ఒక బోర్డులో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే కేబుల్ దారిలో డేటా చెడిందని చెప్పే లెక్క, గబగబా పెరుగుతాయి. పొద్దున వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి లెక్కలు అడిగే పద్ధతి) పెట్టి ఆఫీసు నుంచే 5 నిమిషాలకోసారి ఎర్రర్ల లెక్క అడుగుదామంటాను నేను. తేడా వస్తే బోర్డే చెప్పాలంటాడు మా వాడు. మీరేమంటారు?

కేబుల్‌రాజు: మీ వాడిదే రైట్. గట్టు మీద 4జీ సిమ్మే కదా? మామూలు సిమ్‌కి సాధారణంగా పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ అడ్రస్) రాదు. బయటి నుంచి ఎంత పిలిచినా లోపలికి చేరదు. వీపీఎన్ (ఆఫీసుకీ బోర్డుకీ మధ్య ప్రైవేటు దారి) పెట్టొచ్చు, కానీ అది ఇంకో తలనొప్పి. ఎర్రర్ల లెక్క కెర్నెలే (లైనక్స్ గుండెకాయ) ఒక ఫైల్లో ఉంచుతుంది. క్రాన్‌లో (టైముకి పని నడిపేది) చిన్న స్క్రిప్ట్‌తో దాన్ని చదివి, పెరిగితేనే ఎంక్యూటీటీలో (చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) పంపితే చాలు.

నిద్రలేనివాడు: ‘పెరిగితేనే’ అంటే కొంప మునుగుతుంది. లింకే పోతే ఆ కబురు ఏ దారిన వస్తుందండీ? మాది అలారం మాత్రమే పంపే బోర్డు. మూడు వారాలు కిక్కురుమనకపోతే భలే పనిచేస్తోందనుకున్నాం. తీరా చూస్తే అడాప్టర్ కాలిపోయి ఉంది! ఇంకోటి, వాచ్‌డాగ్ (బోర్డు బిగుసుకుపోతే దానంతటదే రీస్టార్ట్ చేసేది) రీబూట్ చేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్‌టైమ్ (బోర్డు ఆన్ అయి ఎంతసేపైందో) లేకుండా ఒట్టి అంకె పంపితే మోసపోతారు.

పోర్ట్ నంబర్ 7: ఇద్దరూ ఒక కొసే చూస్తున్నారు. బోర్డు లెక్కపెట్టేది తనకు వచ్చిన ఫ్రేముల్లో (డేటా ముక్కల్లో) చెడినవాటినే. అది పంపినవి దారిలో చెడితే ఆ లెక్క అవతలి కొసన నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) పోర్టులో పడుతుంది. చవక స్విచ్ అయితే అది కూడా చెప్పదు, చెడినదాన్ని పారేసి ఊరుకుంటుంది. ముందు ఆ కేబుల్ ఎటు నుంచి పోతోందో చూడండి.

గట్టుమీది లైనక్స్: చూశాం. ఏరేటర్ మోటార్ వైరుతో కలిపి ఒకే పైపులో లాగేశారు! వేరే పైపులోకి మార్చాక నాలుగు రాత్రులుగా ఎర్రర్ లేదు. ఇక, ఎర్రర్లున్నా లేకున్నా 15 నిమిషాలకోసారి లెక్క, అప్‌టైమ్ బోర్డే పంపేలా రాశాం. మేనేజ్డ్ స్విచ్ (అడిగితే లెక్క చెప్పేది) కొన్నాక దాని లెక్క కూడా బోర్డే అడిగి కలిపి పంపుతుంది.

కేబుల్‌రాజు: మరి అది నువ్వన్న పోలింగే (టైముకోసారి లెక్క తీసుకోవడమే) కదా బాబూ, దిక్కు మారిందంతే.