అప్‌డేట్: భారత్, చైనా సహజ అడవుల లెక్క తేలింది

భారత్, చైనాల్లో సహజంగా పెరిగిన అడవి 1990 నుంచి ఎలా మారిందో పోల్చబోతే రెండు పట్టికలు కలవడం లేదని ఇక్కడ అడిగాను. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్ట్ కోసం. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు నిర్వచనాలు చూడండి" అన్న సలహాయే పనిచేసింది. బెంగళూరు మల్లేశ్వరంలో మాకు తెలిసిన రిటైర్డ్ అటవీ అధికారి గారూ అదే చూపించారు. మన ఫారెస్ట్ సర్వే లెక్కలో కనీసం ఒక హెక్టారు, పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, పండ్ల తోటలూ కలుస్తాయి. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) పండ్ల తోటల్ని వదిలేస్తుంది, నాటిన అడవిని విడిగా చూపిస్తుంది. అందుకే రెండు దేశాలకూ ఎఫ్‌ఏఓ పట్టికే తీసుకున్నాం. 2020లో చైనా అడవి సుమారు 22 కోట్ల హెక్టార్లు, అందులో నాటిందే దాదాపు 8.5 కోట్లు! మనకు 7.2 కోట్లలో నాటింది 1.3 కోట్లు. మొత్తం అడవి గీత ఒక్కటే గీస్తే ఇంత పెద్ద తేడా కనిపించకుండా పోతుంది.

హెక్టార్లను చదరపు కిలోమీటర్లలోకి మార్చడంలో తప్పు జరిగి పట్టికలు కలవడం లేదేమోనని కొందరు అనుమానించారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒక్క జాగ్రత్త: నాటిందో సహజమో తేల్చలేని అడవిని ఎఫ్‌ఏఓ సహజం కిందే వేస్తుంది. గ్రాఫ్ కింద ఆ మాట తప్పకుండా రాయండి.