‘మార్కర్’కి తెలుగు వెతుకుతుంటే ‘చెల్లు’ తగిలింది

జాన్ విక్ అనే కిరాయి హంతకుడి కథతో వచ్చిన హాలీవుడ్ సినిమాల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి. ఆ సినిమాల్లో హంతకుల లోకానికి సొంత డబ్బు ఉంటుంది, బంగారు నాణేలు. వాటితో ఇబ్బంది లేదు. చిక్కంతా 2017లో వచ్చిన రెండో భాగంలోని ‘మార్కర్’తోనే. అరచేతిలో ఇమిడే గుండ్రటి లోహపు బిళ్ల, డబ్బీలా తెరుచుకుంటుంది. సాయం పొందినవాడు లోపల ఒకవైపు నెత్తుటితో వేలిముద్ర వేసి ఇస్తాడు. సాయం చేసినవాడు ఎప్పుడొచ్చి ఏ పని అడిగినా ఇక కాదనడానికి లేదు. పని అయ్యాక రెండో వైపు సాయం చేసినవాడి ముద్ర పడుతుంది. దీన్ని ఏమనాలి? ‘గుర్తు’ పేలవంగా ఉంది. ‘రుణపత్రం’ అంటే బ్యాంకు గుర్తొస్తోంది.

– ‘ఒట్టు’ అనొచ్చు కదండీ?

ఒట్టు నోటిమాట. దాన్ని జేబులో వేసుకుని ఇంకో దేశం పట్టుకెళ్లలేం కదా!

– తాకట్టు?

తాకట్టు పెట్టిన వస్తువుకి విలువ ఉండాలండీ. ఈ బిళ్లని కరిగిస్తే ఏమొస్తుంది?

– ‘నిశానీ’ ఎందుకు కాకూడదు? పాత దస్తావేజుల్లో సంతకం రానివాళ్ల పేరు దగ్గర ‘నిశాని’ అని రాసి వేలిముద్ర వేయించేవాళ్లు. మాటకి అర్థం గుర్తే. కానీ వేశాక వెనక్కి తీసుకోలేని గుర్తు.

నచ్చింది, అదే వాడతాను. దస్తావేజుల మాట ఎత్తారు కాబట్టి నాకు ఇంకొకటి తట్టింది. ప్రామిసరీ నోటు మీద కొంత సొమ్ము కడితే నోటు వెనక రాయించుకునేదాన్ని ‘చెల్లు’ అంటాం. మార్కర్‌లో రెండో వేలిముద్ర చేసే పని అచ్చం అదే, చెల్లు వేయడం!

అక్కడి నుంచి చూస్తే ఆ లోకం లెక్కలన్నీ ఈ ఒక్క క్రియలోనే ఉన్నట్టు అనిపిస్తోంది. నాణెం చెల్లుతుంది, బాకీ చెల్లుతుంది, పెద్దవాడి మాట చెల్లుతుంది. ఆ బంగారు నాణేనికి డాలర్లలో ఇంత అని లెక్క కట్టుకోవడానికి వీల్లేదు. హోటల్లో గదికీ నాణెమే, శవాలు ఎత్తేసి ఇల్లు కడిగి వెళ్లేవాళ్లకీ నాణెమే. మనిషి తలకి కట్టే వెల మాత్రం డాలర్లలోనే ఉంటుంది. రెండో భాగంలో జాన్ విక్ తలకి 70 లక్షల డాలర్లు, 2019 నాటి మూడో భాగం మొదలయ్యేసరికి 1 కోటీ 40 లక్షలు. అంటే చావుకి ధర ఉంది, రోజువారీ బతుకు మాత్రం చెల్లుబాటు మీద నడుస్తోంది. నాణెం బల్ల మీద పెట్టినవాడు ‘నేను మీవాణ్ణే’ అని చెప్పుకుంటున్నాడు. అసలు చెల్లేది వాడే.

(ఈ శవాలు ఎత్తేవాళ్లకి ఫోన్ చేసి ‘పన్నెండు మందికి డిన్నర్ రిజర్వేషన్’ అంటాడు జాన్ విక్ 2014 నాటి మొదటి సినిమాలో, పన్నెండు శవాలున్నాయని చెప్పడానికి. నేనైతే ‘పన్నెండు విస్తళ్లు’ అని రాసేవాణ్ణి.)

– విస్తళ్లు అదిరింది. కానీ ‘కాలం చెల్లింది’లోని చెల్లుని కూడా ఇందులో కలిపేస్తారా? అది గడిచిపోవడం, ఇది చలామణీ. రెండూ వేరు కదా.

వేరనిపిస్తుంది గానీ మూలం ఒకటేనండీ. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్లు. నాణెం చెల్లకపోయినా అక్కడ అదే ధాతువుతో ‘సెల్లాదు’ అంటారు. చేతులు మారుతూ ముందుకు వెళ్లేదే చెల్లే నాణెం, వెళ్లిపోయింది చెల్లిన కాలం. చలామణీలో కూడా ఉన్నది కదలికే కదా.

ఈ రెండు అర్థాలూ మూడో భాగం మొదట్లో ఒకచోట కలుస్తాయి. జాన్ విక్‌ని ఆ లోకం వెలివేస్తుంది, గంట గడువు ఇస్తుంది. ఆ గంటలోపే డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాడు. డాక్టర్ గాయానికి కుట్లు వేస్తుండగానే గడువు ముగుస్తుంది. అంతే, మధ్యలోనే చెయ్యి ఆపేస్తాడు. మిగతా కుట్లు జాన్ విక్ తనే వేసుకోవాలి. నిమిషం ముందు వరకూ చెల్లిన మనిషి, ఇప్పుడు చెల్లని మనిషి. మనం పనికిరానివాణ్ణి చెల్లని కాసుతో పోలుస్తాం. ఇక్కడ కాసు చెల్లుతూనే ఉంది, మనిషే చెల్లడం లేదు!

– అలాగని వెలివేతని కూడా ‘చెల్లని’తో అనువదించకండి. వాళ్లు వాడిన ‘ఎక్స్‌కమ్యూనికాడో’ చర్చి నుంచి వెలివేయడం అన్న మాటలోంచి తీసుకున్నదే. మనకి ‘వెలి’ ఉండగా ఇంకోటెందుకు?

ఒప్పుకున్నాను. మార్కర్‌కి నిశానీ, దీనికి వెలి. డాక్టర్ చెయ్యి ఆగే దగ్గర మాత్రం ‘కాలం చెల్లింది’ అనే ఉంచుతాను.