మూడున్నరేళ్ల బాబుకు ఆటిజం అన్నారు, కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్నవాడి నాన్న:
మా బాబుకు మూడున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కుక్కర్ కూత వేస్తే మాత్రం రెండు గదులు దాటి పరుగెత్తుకొస్తాడు. పోయిన నెల డాక్టరుగారు ఆటిజం అని రాసిచ్చి, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రెండూ వెంటనే మొదలుపెట్టమన్నారు. ఇంటి దగ్గరున్న సెంటరువాళ్లు ఏడాది ఫీజు ముందే కట్టమంటున్నారు. నాది ప్రైవేటు ఉద్యోగం, ఆఫీసు ఇన్సూరెన్సు థెరపీకి పనికిరాదట. ప్రభుత్వం నుంచి సాయమేమైనా ఉందా? ఇంకో చిక్కు కూడా ఉంది. సదరం (వైకల్య) సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లవాడి మీద ముద్ర పడిపోతుందని మా అమ్మ పట్టుబట్టి కూర్చుంది. మేముండేది సికింద్రాబాద్ పక్కనే.

నీలం ఫైలు అమ్మ:
ముందుగా, ఆ ఏడాది ఫీజు కట్టకండి. నెలనెలా తీసుకోమని అడగండి, కాదంటే ఇంకో చోటు వెతుక్కోండి. ఆ థెరపిస్టుతో పిల్లవాడికి కుదురుతుందో లేదో రెండు నెలలు గడిస్తే గానీ తెలియదు. స్పీచ్ థెరపిస్టు అయినా, స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా, క్లినికల్ సైకాలజిస్టు అయినా భారతీయ పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొహమాటపడకుండా అడగండి.

మా అమ్మాయికి పదకొండేళ్లు. ముద్ర గురించి మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా అత్తగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది, పిల్ల నుదుటి మీద కాదు. ఈ ముక్క అనడానికి నాకు ధైర్యం వచ్చేసరికి రెండేళ్లు పోయాయి. 2016 చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన అని రాసి ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. ఆ సర్టిఫికెట్‌కూ, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకూ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, పిలిచిన రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్‌ఏఏ అనే కొలమానంతో 40 అంశాలు చూస్తారు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు వేస్తారు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేదని లెక్క. ఆ రోజు మా పిల్ల ఎన్నడూ లేనిది చక్కగా కూర్చుంది, చెప్పినదల్లా చేసింది. నేనేమో మురిసిపోయి "ఇంట్లోనూ ఇంతేనండీ" అనేశాను. తల్లి గర్వం! కంచం మారితే గంటసేపు ఏడ్చే పిల్ల అది. ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఉన్నది పెంచొద్దు, దాచనూ వద్దు.

ఇక డబ్బు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో చేరండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తారు. ఆసుపత్రిలో చేరకపోయినా థెరపీకీ మందులకూ వస్తుంది, కాకపోతే ఒక్కోదానికి విడిగా పరిమితి ఉంటుంది. చేరేముందు వైద్య పరీక్షలేవీ ఉండవు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి చేరిక రుసుము 250 రూపాయలు, మనలాంటివాళ్లకు 500. ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది, రెన్యువల్ మరిచిపోవద్దు. థెరపీ ఖర్చు ముందు మీరే పెట్టుకుని తర్వాత రాబట్టుకోవాలి.

నా మొదటి క్లెయిము తిరిగొచ్చింది. థెరపీ బిల్లు ఒక తెల్ల చీటీ వెనకాల రాసిచ్చారు, స్టాంపు సగమే పడింది, పైగా అమ్మాయి పేరులో ఒక అక్షరం తేడా. అప్పటినుంచి పేరు, తేదీ, ఎన్ని సెషన్లు, ఎవరు చేశారు, సంతకం ఉందా అని అక్కడే నిలబడి చూసుకుంటాను. కౌంటర్లో అబ్బాయికి నేనంటే హడల్. అసలు కాగితాలు నీలం ఫైల్లో, జిరాక్సులు పుట్టింట్లో.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే 80డీడీ కింద 75,000 మినహాయింపు వస్తుంది, వైకల్యం 80 శాతం, ఆపైన అయితే 1,25,000. ఖర్చు ఎంతైనా మొత్తం అంతే. ఆటిజానికి 10-ఐఏ ఫారం మీద డాక్టరు సంతకం కావాలి.

భవిత టీచరు:
సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆపకండి సార్. మీ దగ్గర్లోనే మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో అక్కడ ప్రత్యేక కేంద్రం తెరిచారు. అన్నీ వాళ్లే చేసిపెడతారని మాత్రం వెళ్లకండి. నేర్చుకోవలసింది మీరిద్దరూ. రోజంతా పిల్లవాడితో ఉండేది మీరే కదా. బడి వయసు వచ్చాక మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) పేరు రాయించండి, అది ఉచితం.

చిన్నవాడి నాన్న:
బీరువా మాట అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి ఆధార్ కార్డుల కోసం వెతుకుతుంటే తనే తెచ్చి ఇచ్చింది. తీరా చూస్తే బాబు పేరు జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. దరఖాస్తు పెట్టేశాక సరిచేయించుకోవచ్చా?

నీలం ఫైలు అమ్మ:
వద్దు వద్దు, ముందు అదే చేయండి. జనన ధ్రువపత్రం పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి. వాళ్లిచ్చే రసీదు పారేయకండి.